కుక్కను కొనాలా, దత్తత తెచ్చుకోవాలా? దాని వెనకటి జీవితాన్ని చూసి తేల్చుకోవడం ఎలా

మా ఇంట్లో ఇప్పటికి రెండు కుక్కలు పెరిగాయి. మొదటివాడు డబ్బిచ్చి కొన్న లాబ్రడార్, పేరు బ్రూనో. పదకొండేళ్ళు మాతో ఉండి వెళ్ళిపోయాడు. రెండోది చుక్క. నాలుగేళ్ళ వయసులో, దిక్కులేని కుక్కలను సాకే షెల్టర్ నుంచి తెచ్చుకున్నాం. ఏ జాతో ఎవరికీ తెలియదు. గోధుమరంగు ఒళ్ళు, నుదుటి మీద తెల్లటి మచ్చ, కొస చిరిగిన ఎడమ చెవి. నేనిది రాస్తుంటే నా కాళ్ళ దగ్గరే పడుకుని ఉంది.

రెండు దారులూ నడిచినదాన్ని కాబట్టి తెలిసినవాళ్ళు తరచూ అడుగుతుంటారు, "కొనుక్కోమంటారా, దత్తత తీసుకోమంటారా?" అని. ఒకప్పుడు వెంటనే జవాబు చెప్పేసేదాన్ని. ఇప్పుడు ముందు నేనే ఒకటి అడుగుతున్నాను. "ఆ కుక్క ఎక్కడ పుట్టిందో, ఎవరి చేతుల్లో పెరిగిందో, ఇప్పుడు ఎలా ఉందో మీ కళ్ళతో చూసే వీలుందా?" వీలుంటే ఏ దారైనా మంచిదే. లేకపోతే ఆ కుక్క వద్దు, అమ్మినా వద్దు, ఊరికే ఇచ్చినా వద్దు. ఈ సంగతి నాకు బ్రూనో వల్ల తెలిసింది. నాకు తెలియడం కోసం వాడు పడ్డ బాధ తలుచుకుంటే ఈనాటికీ మనసు కలుక్కుమంటుంది.

బ్రూనో ఎలా వచ్చాడంటే

అప్పుడు మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. ఫోన్‌లో ఒక ఫొటో చూసి ఇంటిల్లిపాదీ మనసు పారేసుకున్నాం. అమ్మే మనిషి "నలభై అయిదు రోజుల పిల్ల, మొదటి టీకా అయిపోయింది" అన్నాడు. తల్లిని చూస్తామంటే, "తల్లి మా బంధువులింట్లో ఉంది, చాలా దూరం. మీకెందుకు శ్రమ, నేనే తెచ్చిస్తాను" అన్నాడు. ఆ మాట మాకు మర్యాదగానే అనిపించింది. రోడ్డు పక్కన ఆగిన కారులోంచి అట్టపెట్టె తీసి మా చేతికిచ్చాడు. టీకా పుస్తకంలో తేదీ ఉంది గానీ డాక్టరు సంతకం లేదు, మందు సీసా మీద ఉండే చిన్న స్టిక్కరూ లేదు. అవి చూడాలని అప్పటికి నాకు తెలియదు.

అయిదో రోజు పొద్దున పిల్ల గిన్నె దగ్గరికి రాలేదు. మధ్యాహ్నానికి వాంతులు. రాత్రికి నెత్తుటి విరేచనాలు, ఒక్కసారి పీలిస్తే జన్మలో మరిచిపోలేని వాసన. పార్వో అనే వైరస్ జబ్బు. ఈ వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడడానికి మామూలుగా మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది. అంటే మా గడప తొక్కేనాటికే వాడు దాన్ని మోసుకొచ్చి ఉండొచ్చన్నమాట. వైద్యురాలు వాడి నోరు తెరిచి చూసి, "నలభై అయిదు రోజులు ఎక్కడివమ్మా? వెనక పాలపళ్ళు ఇంకా సరిగా రానేలేదు. అయిదారు వారాలుంటే ఎక్కువ" అన్నారు. ఎనిమిది వారాలు నిండేసరికి పిల్లకు 28 పాలపళ్ళూ వచ్చేస్తాయి. నాలుగు రోజులు సెలైన్ ఎక్కించారు. మా ఆయనా నేనూ వంతులు వేసుకుని పక్కన కూర్చున్నాం. వైద్యం అందకపోతే పార్వో సోకిన పిల్లల్లో చాలావరకు దక్కవు. మావాడు దక్కాడు.

దక్కాడు గానీ, తల్లి నుంచి తొందరగా విడదీసిన గుర్తు వాడిలో ఉండిపోయింది. కుక్కపిల్లలు తోబుట్టువులతో కుస్తీ పట్టేటప్పుడు ఒకటి గట్టిగా కొరికితే రెండోది కుయ్యోమని ఆట మానేస్తుంది. పంటి పట్టు ఎంత వరకు ఉండాలో వాటికి అలా తెలుస్తుంది. బ్రూనోకు ఆ చదువు అందలేదు. ఏడో నెల వచ్చేదాకా మా అమ్మాయి ముంజేతుల నిండా గీతలే. గొడుగు విప్పితే వణికేవాడు. టోపీ పెట్టుకున్న మగవాళ్ళు ఎదురైతే మంచం కిందికి దూరేవాడు. మూడో వారం నుంచి పన్నెండు, పధ్నాలుగు వారాల దాకా కుక్కపిల్ల కొత్తవాటిని జంకు లేకుండా తనలోకి తీసుకుంటుంది. ఆ వయసు దాటాక ఎదురయ్యే కొత్తది ఏదైనా దానికి ముందు భయంగానే తోస్తుంది. బ్రూనో తన మొదటి వారాలు ఎక్కడ, ఏ చీకట్లో గడిపాడో మాకు ఇప్పటికీ తెలియదు.

ముందు మీ ఇంటి రోజును కాగితం మీద పెట్టండి

కుక్కను వెతకబోయే ముందు ఒక మామూలు పనిరోజు తీసుకుని ఏ గంటకు ఇంట్లో ఎవరుంటారో రాయండి. సెలవు రోజు రాయకండి, అందరూ అక్కడే పొరబడతారు. పిల్ల వయసు నెలల్లో ఎంతో, దానికి ఒకటి కలిపితే అన్ని గంటలు అది ఉచ్చ ఆపుకోగలదని ఒక మోటు లెక్క. రెండు నెలల పిల్ల మూడు గంటలు. రాత్రి కూడా లేచి బయటికి తీసుకెళ్ళాలి, అలా కొన్ని వారాలు. మీ కాగితం మీద తొమ్మిది గంటలు ఖాళీ గళ్ళే ఉంటే పిల్లను తెచ్చే ఆలోచన వదిలేయండి. పెద్ద కుక్కకైనా మధ్యాహ్నం ఎవరో ఒకరు వచ్చి తిప్పే ఏర్పాటు ఉండాలి.

తర్వాత వయసుల లెక్క. చిన్న జాతులు పన్నెండు నుంచి పదహారేళ్ళు బతుకుతాయి. గ్రేట్ డేన్ లాంటి భారీ జాతులు ఏడు నుంచి పదేళ్ళు. ఇవాళ పదేళ్ళున్న పిల్లాడు కుక్క ముసలిదయ్యేసరికి చదువుకోసం ఇల్లు దాటి ఉంటాడు. "పిల్లల కోసం" తెచ్చిన కుక్కకు చివరిదాకా చేసేది పెద్దవాళ్ళే. బ్రూనోకు కీళ్ళు పట్టేశాక చివరి రెండేళ్ళూ వాణ్ణి ఎత్తుకుని మెట్లు దించింది మా ఆయనే.

ఇంట్లో వయసు మళ్ళినవాళ్ళుంటే కుక్క బరువు, లాగుడు గురించి గట్టిగా ఆలోచించండి. బ్రూనోకు ఏడాది వయసప్పుడు తాడు మా అత్తయ్య చేతిలో ఉంది. వాడు పిల్లిని చూసి ఒక్క ఊపున లాగాడు. ఆవిడ మణికట్టు విరిగింది. తప్పు వాడిది కాదు, ఆవిడదీ కాదు. ముప్పై కిలోల కుర్రకుక్క తాడు ఆవిడ చేతికిచ్చిన మాదే.

అలర్జీ ఉన్నవాళ్ళకు ఒక మాట. "ఈ జాతికి అలర్జీ రాదు" అని అమ్మేవాళ్ళు చెబుతారు. పూర్తిగా అలర్జీ కలిగించని జాతి అంటూ లేదు. అలర్జీ తెచ్చే ప్రోటీన్లు బొచ్చులో కన్నా కుక్క లాలాజలంలో, చర్మం నుంచి రాలే పొట్టులో ఉంటాయి. కుక్కలున్న ఇంటికి వెళ్ళి రెండు మూడు సార్లు గంటల తరబడి కూర్చుని చూసుకోవడం కన్నా మంచి పరీక్ష లేదు. అద్దె ఇల్లయితే యజమాని ఒప్పుకోలు రాతలో తీసుకోండి.

జాతి పేరు చూసి ఎంత నమ్మొచ్చు

కొనాలనుకునేవాళ్ళు ముందుగా చెప్పే కారణం, జాతి కుక్కయితే ఎలా పెరుగుతుందో ముందే తెలుస్తుందని. అందులో నిజం ఉంది. ఎంత ఎత్తు పెరుగుతుంది, బొచ్చు ఎంత రాలుతుంది, రోజుకు ఎంత పరిగెత్తించాలి అన్నవి చాలావరకు ముందే తెలుస్తాయి. బోర్డర్ కోలీ గొర్రెల మందను తిప్పడానికి, బీగిల్ వాసన పట్టి వేటకు దారి చూపడానికి, హస్కీ మంచు మీద బండి లాగడానికి తరతరాలుగా ఏరి పెంచినవి. ఆ పని మీ ఇంట్లో లేకపోయినా ఆ కోరిక కుక్కలో ఉంటుంది. బోర్డర్ కోలీ పరుగెత్తే పిల్లల మడమలను పట్టుకుని మళ్ళించబోతుంది. బీగిల్‌కు వాసన తగిలితే మీ పిలుపు చెవికెక్కదు.

స్వభావం మాత్రం జాతి పేరు చూసి చెప్పలేం. 2022లో సైన్స్ పత్రికలో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. 18 వేలకు పైగా కుక్కల గురించి యజమానులు చెప్పిన వివరాలను, వాటిలో కొన్నింటి జన్యువులను కలిపి చూశారు. ఒక కుక్కకూ ఇంకో కుక్కకూ ప్రవర్తనలో ఉన్న తేడాల్లో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమే అని తేలింది. నెమ్మదైన లాబ్రడార్ కావాలంటే లాబ్రడార్‌ను కొంటే సరిపోదు, నెమ్మదైన తల్లికి పుట్టి నెమ్మదైన ఇంట్లో పెరిగినదాన్ని వెతకాలి.

ఇక ఆరోగ్యం. ఇప్పుడు మనం చూసే జాతుల్లో చాలావాటి రూపురేఖలు ఖరారైంది నిన్నగాక మొన్ననే అనుకోవచ్చు. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో 1859లో జరిగిన కుక్కల ప్రదర్శనతో పోటీల వేడుక మొదలైంది, 1873లో లండన్‌లో జాతి కుక్కల పేర్లు నమోదు చేసే కెనెల్ క్లబ్ ఏర్పడింది. ఆ తర్వాత వంశావళి పుస్తకాలు వచ్చాయి, పుస్తకంలో ఉన్నవాటిని వాటిలో వాటికే జతకట్టించడం ఆనవాయితీ అయింది. రూపం నిలబడింది, దానితో పాటు జబ్బులూ నిలబడ్డాయి. జర్మన్ షెపర్డ్, లాబ్రడార్‌లకు తుంటి కీలు వదులుగా ఏర్పడే జబ్బు. డాబర్‌మన్‌కు గుండె కండరం బలహీనపడడం. కవలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్‌కు గుండె కవాటం చెడిపోవడం. పొడవాటి నడుమున్న డాక్స్‌హుండ్‌కు వెన్నుపూసల మధ్య డిస్క్ జారి కాళ్ళు పడిపోవడం. డాల్మేషియన్‌లలో కొన్ని పుట్టు చెవిటివి. లాబ్రడార్‌లలో సుమారు నాలుగింట ఒకదానికి ఒక జన్యువులో కొంత భాగం లేకపోవడం వల్ల కడుపు నిండినట్టు అనిపించదని 2016లో కనుక్కున్నారు. ఆ సంగతి చదివిన రోజు నాకు గిన్నె నాకుతూ మా ముఖాల్లోకి చూసే బ్రూనో గుర్తొచ్చాడు.

పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్‌ల గురించి నాది ఖరాఖండీ మాట. నొక్కేసినట్టున్న ఆ ముఖం మనకు ముద్దు, వాటికి ఊపిరి బాధ. పుర్రె కురచైంది గానీ లోపలి మెత్తటి కండ కురచ కాలేదు. అందుకే గురక, ఎండలో కుప్పకూలడం, నిద్రలో ఉలిక్కిపడి లేవడం. కుక్క ఒళ్ళు చల్లబరుచుకునేది ఎక్కువగా రొప్పడం ద్వారానే, రొప్పడానికి దారే ఇరుకైతే అదేం చేస్తుంది? ఆ జాతి మీద మీకు ప్రేమ ఉంటే, ఇప్పటికే పుట్టి దిక్కులేకుండా ఉన్నదాన్ని దత్తత తెచ్చుకోండి. కొత్తగా పుట్టించమని డబ్బివ్వకండి.

కొనడమే అనుకుంటే

తల్లిని చూడాలి. ఇదొక్కటీ వదలకండి. తల్లి పిల్లల మధ్య ఉండాలి, పొదుగు పాలు తాగించిన పొదుగులా ఉండాలి, పిల్లలు దాని దగ్గరికి ఉరుకుతుండాలి. అద్దెకు తెచ్చినట్టు ఏదో ఒక ఆడకుక్కను పక్కన నిలబెట్టి చూపించడం కూడా జరుగుతుంది. పిల్లలు దగ్గరికెళితే అది పక్కకు తప్పుకుంటోందంటే అనుమానించండి. తల్లి మీ మీద కాస్త మొరగొచ్చు, అది సహజం. యజమాని పలకరించాక కూడా మూలకు నక్కి వణుకుతుంటే, పళ్ళు బయటపెడుతుంటే, పిల్లలు ఎంత ముద్దొచ్చినా వెనక్కి తిరగండి. పిరికితనం నెత్తుటిలోనూ వస్తుంది, ఆ తల్లిని చూస్తూ పెరగడం వల్లా వస్తుంది.

ఇంగ్లండ్‌లో ఆరు నెలల లోపు పిల్లలను మధ్యవర్తులు అమ్మకూడదని 2020 ఏప్రిల్‌లో చట్టం వచ్చింది. దాన్ని లూసీ చట్టం అంటారు. లూసీ ఒక కవలియర్ ఆడకుక్క. పిల్లలను కనడానికే బోనులో పెట్టి వాడుకున్నారు, నడుము వంగిపోయిన స్థితిలో దాన్ని కాపాడి బయటికి తెచ్చారు. అలాంటి తల్లులను కొనేవాళ్ళు ఎప్పుడూ చూడరు కాబట్టే ఆ వ్యాపారం నడుస్తుంది. మీరు ఎక్కడున్నా సరే, "తల్లిని చూపిస్తారా" అన్న ఒక్క ప్రశ్న సగం మంది అమ్మకందార్లను ఏరిపారేస్తుంది.

తర్వాత కాగితాలు. వంశావళి పత్రం తల్లిదండ్రులెవరో చెబుతుందే తప్ప వాటి ఆరోగ్యం చెప్పదు. "డాక్టరు చూశారండీ" అంటే సరిపోదు. ఆ జాతికి వచ్చే జబ్బు ఏదో ముందే తెలుసుకుని వెళ్ళండి, తల్లికీ తండ్రికీ ఆ పరీక్ష జరిగిన పత్రం అడగండి. లాబ్రడార్‌కైతే తుంటి, మోచేతి ఎక్స్‌రే. డాల్మేషియన్ పిల్లకైతే వినికిడి పరీక్ష. మచ్చల మచ్చల మెర్ల్ రంగు పిల్లలైతే తల్లీ తండ్రీ ఇద్దరూ అదే రంగువా అని అడగండి. అలాంటి జతకు పుట్టే పిల్లల్లో కొన్ని గుడ్డివి, చెవిటివి అవుతాయి. వంశావళిలో ఒకే పేరు అటూ ఇటూ కనిపిస్తోందేమో వేలు పెట్టి వెతకండి. తండ్రీ కూతుళ్ళ జత అయితే పిల్లలో దగ్గర రక్తం లెక్క 25 శాతం, ఒకే తాతకూ ఒకే అమ్మమ్మకూ మనవలైన సొంత పినతల్లి పెదతల్లి పిల్లల జత అయితే 6.25 శాతం. తక్కువైతే మంచిది.

ఎనిమిది వారాలు నిండకుండా పిల్లను తీసుకోకండి. టీకా పుస్తకంలో తేదీ, మందు స్టిక్కరు, సంతకం మూడూ ఉండాలి. ఎప్పుడు అడిగినా నాలుగైదు జాతుల పిల్లలు "సిద్ధంగా ఉన్నాయి" అనే మనిషి పెంపకందారు కాడు, వ్యాపారి. ఏడాదికి ఒకటో రెండో కాన్పులు చూసే ఇల్లయితే మీరు కొన్ని నెలలు ఆగాల్సి వస్తుంది, ఆగండి. మంచి పెంపకందారు మిమ్మల్ని ప్రశ్నలతో విసిగిస్తాడు. ఇంట్లో ఎవరుంటారు, పగలు ఎవరు చూస్తారు, ఇంతకుముందు పెంచారా అని. ఏ వయసులోనైనా పెంచలేకపోతే తనకే తిరిగి ఇవ్వమని రాయించుకుంటాడు. ఏమీ అడగకుండా డబ్బు తీసుకునేవాడికి పిల్ల ఏమైనా ఫరవాలేదు.

చివరిగా ఒక కష్టమైన మాట. బోనులో నీరసంగా ఉన్న పిల్లను చూసి "పాపం, దీన్నైనా కాపాడదాం" అని కొనకండి. ఆ బోను వారంలో మళ్ళీ నిండుతుంది, మీ డబ్బుతోనే. జాలిగా ఉంటే పశుసంరక్షణ చూసే అధికారులకు ఫిర్యాదు రాయండి. బ్రూనోను చేతిలో పెట్టుకున్నాక వెనక్కి ఇవ్వమంటే నా వల్ల కాలేదు, ఎవరివల్లా కాదు. అందుకే ఆ కారు దాకా వెళ్ళకముందే ఆగాలి.

దత్తతకు వెళ్తే

బ్రూనో పోయాక ఏడాదిన్నర ఇంట్లో కుక్క లేదు. తర్వాత షెల్టర్‌కు వెళ్ళినప్పుడు కూడా నేను వెతికింది చిన్నపిల్లనే. అక్కడ పనిచేసే అమ్మాయి నన్ను మూడు ప్రశ్నలడిగి, "మీకు పెద్ద కుక్కే బాగుంటుందండీ, ఒకదాన్ని చూపిస్తా" అంది. చుక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పిలిస్తే చెవి కదిలింది గానీ తల తిప్పలేదు. ఇదా అనుకున్నాను. అక్కడితో ఆగి ఉంటే చుక్క మాకు దక్కేది కాదు.

షెల్టర్‌లో కుక్కను గదిలో చూసి తీర్పు చెప్పకండి. చుట్టూ మొరుగుళ్ళు, ఎవరెవరివో వాసనలు, నిద్ర లేదు. బయటికి తీసుకెళ్ళనివ్వమని అడగండి. పదిహేను, ఇరవై నిమిషాలు ఊరికే నడిచాక అసలు కుక్క బయటికొస్తుంది. రెండోసారి వెళ్ళినప్పుడు గేటు దాటి నడిచాం. పది నిమిషాలకు చుక్క గడ్డి వాసన చూసింది, ఒళ్ళంతా ఒకసారి విదిలించుకుంది, నా వైపు చూసింది. భయం వదిలినప్పుడు కుక్కలు తడి లేకపోయినా అలా విదిలించుకుంటాయి. మూడోసారి మా అత్తయ్యనూ అమ్మాయినీ తీసుకెళ్ళాను. ఇంట్లో ఉండే అందరినీ కుక్క చూడాలి, అందరూ కుక్కను చూడాలి.

తాకే పద్ధతి ఒకటుంది. ఎదురుగా వంగి తల మీద చెయ్యి పెట్టకండి, అది చాలా కుక్కలకు బెదిరింపులా తోస్తుంది. పక్కకు తిరిగి కూర్చోండి. అదే దగ్గరికొస్తే ఛాతీ దగ్గర మూడు సెకన్లు నిమిరి చెయ్యి తీసేయండి. ఇంకా కావాలని మూతితో తడిమితే కొనసాగించండి. తల పక్కకు తిప్పినా, పెదాలు నాకినా, ఆకలి నిద్ర లేకుండా ఆవలించినా, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూసినా ఆపేయండి. తోక ఊపుతోంది కదా అని నమ్మొద్దు. బిగుసుకుని నిటారుగా ఊగే తోక వేరు, నడుముతో సహా వదులుగా ఊగే తోక వేరు.

అడగాల్సినవి మొహమాటం లేకుండా అడగండి. ఎందుకు వచ్చింది? ఎవరినైనా కరిచిందా, కరిస్తే చర్మం తెగిందా? గిన్నె దగ్గరికి మనిషి వస్తే ఏం చేస్తుంది? పిల్లలతో, పిల్లులతో, వేరే కుక్కలతో ఎలా ఉంటుంది? ఒంటరిగా వదిలితే? దత్తత కుదిరేదాకా ఒకరి ఇంట్లో తాత్కాలికంగా, అంటే ఫోస్టరింగ్‌లో, ఉన్న కుక్కయితే ఈ జవాబులు మరింత నమ్మకంగా దొరుకుతాయి, ఎందుకంటే అది ఇంట్లో ఎలా ఉంటుందో వాళ్ళు రోజూ చూస్తున్నారు. "ఏ సమస్యా లేదండీ, బంగారం" అని మాత్రమే చెప్పేవాళ్ళ కన్నా, "ఉరుములంటే భయం, తాడు కాస్త లాగుతుంది" అని చెప్పేవాళ్ళను నేను నమ్ముతాను.

చుక్కను అంతకుముందు ఒకరు తీసుకెళ్ళి రెండు నెలలకు తిరిగిచ్చారు. కారణం, "ఆపకుండా మొరుగుతోంది." ఆ మాట వినగానే మా ఆయన వెనకడుగు వేశారు. ఇంకొంచెం అడిగితే తెలిసింది, రోజుకు తొమ్మిది గంటలు తాళం వేసి వెళ్ళేవాళ్ళట. మా ఇంట్లో అత్తయ్య పగలంతా ఉంటారు. ఆ ఇంటికి సమస్య అయినది మా ఇంట్లో సమస్యే కాలేదు. తిరిగొచ్చిన కుక్క అనగానే చెడ్డదనుకోకండి. ఎందుకు తిరిగొచ్చిందో అడిగి, ఆ కారణం మీ కాగితం మీది గళ్ళకు తగులుతుందో లేదో చూడండి.

షెల్టర్ కార్డు మీద రాసిన జాతి పేరును అంతగా పట్టించుకోకండి. ముఖం చూసి జాతి చెబితే చాలాసార్లు తప్పవుతోందని డీఎన్ఏ పరీక్షలు చూపించాయి. పెద్ద కుక్క విషయంలో ఆ పేరుతో అవసరమూ లేదు. ఎంత పెరుగుతుందో అంతా పెరిగి మీ ముందు నిలబడి ఉంది. నెమ్మదో, దూకుడో, ఎంత బొచ్చు రాలుస్తుందో కనబడుతూనే ఉంది. కొన్న పిల్ల ఎలా పెరుగుతుందో చెప్పగల సాక్షి తల్లి ఒక్కతే. పెద్ద కుక్కకు వేరే సాక్షి అక్కర్లేదు.

దత్తతలో పిల్లను తెచ్చుకుంటే మాత్రం బ్రూనో కథలోని జాగ్రత్తలన్నీ వర్తిస్తాయి. షెల్టర్ పిల్లకూ పార్వో రావచ్చు, షెల్టర్ పిల్లా తొందరగా తల్లిని పోగొట్టుకుని ఉండొచ్చు. ఎంత పెద్దదవుతుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. చెప్పినదానికి రెట్టింపైనా ఉంచుకుంటామనుకుంటేనే తెచ్చుకోండి.

ఆరోగ్యానికి సంబంధించి, పెద్ద కుక్కకు రక్తపరీక్ష చేయించాకే తెచ్చుకోవడం మంచిది. చుక్కకు పిడుదుల వల్ల వచ్చే ఎర్లీకియా బయటపడింది. ఆ జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ముక్కులోంచి నెత్తురు కారేదాకా కొందరికి తెలియదు. ముందే తెలిసింది కాబట్టి నాలుగు వారాల మాత్రలతో తగ్గింది. గుండెపురుగు పరీక్ష కూడా అడగండి. పిల్లలు కాకుండా ఆపరేషన్ అయిందో లేదో రాతలో తీసుకోండి. ఆపరేషన్ కాని ఆడకుక్కలకు వయసు పెరిగాక గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం ఉంటుంది. మైక్రోచిప్ ఉంటే 15 అంకెల నంబరు వస్తుంది. చిప్ ఒంట్లో ఉంటే చాలదు, ఆ నంబరు ఎదుట మీ ఫోన్ నంబరు నమోదు కావాలి. ఈ పని ఆ రోజే చేయండి, రేపటికి వాయిదా వేస్తే మరిచిపోతారు.

మరి నా మాట

మొదటిసారి కుక్కను పెంచబోయే ఇంటికి, రెండేళ్ళు దాటిన కుక్కను, వీలైతే ఫోస్టర్ ఇంట్లో ఉన్నదాన్ని, దత్తత తెచ్చుకోమంటాను. మారుమాట లేదు. కొనడం తప్పని నేను అనను. పనికోసం కావాల్సినవాళ్ళు, పిల్ల వయసు నుంచే ఒక పద్ధతిలో పెంచగల తీరికా అనుభవమూ ఉన్నవాళ్ళు, తల్లిని చూపించే పెంపకందారు కోసం నెలలు ఆగగలవాళ్ళు కొనుక్కోవచ్చు. తీరిక లేక కొనడం, ఓపిక లేక కొనడం మాత్రం వద్దు.

రెండూ వద్దని కూడా చెప్పాల్సి వస్తుంది. మా ఆడపడుచు, వాళ్ళాయన ఇద్దరూ పది గంటలు బయటే ఉంటారు. కుక్క కావాలని మనసు పడ్డారు. "వదినా, నువ్వే చెప్పు" అంటే, ఇప్పుడు వద్దమ్మా అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు ఆదివారాలు షెల్టర్‌కు వెళ్ళి కుక్కలను నడిపిస్తోంది. ఉద్యోగం మారాక ఏ కుక్కను తెచ్చుకోవాలో కూడా అక్కడే చూసి పెట్టుకుంది.

తెచ్చిన రోజూ, ఆ తర్వాతా

పిల్లయితే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలైన టీకాలు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి, పదహారు వారాలు నిండేదాకా వేయించాలి. మధ్యలో ఆపితే లాభం లేదు. తల్లిపాలతో వచ్చిన రక్షణ ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లకు ఒక్కోలా ఉంటుంది, అది ఉన్నంతకాలం టీకా సరిగా పట్టదు, అందుకే అన్నిసార్లు. రేబిస్ టీకా మామూలుగా పన్నెండు వారాలు నిండాక, మళ్ళీ ఏడాదికి. పిల్లగానీ పెద్దదిగానీ ఎవరినైనా కరిస్తే, చిన్న గీత అయినా సరే, గాయాన్ని సబ్బుతో ధారగా పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. ఇంట్లో ఇంతకుముందు పార్వో వచ్చి ఉంటే ఆ వైరస్ నేలలో నెలల తరబడి ఉండిపోతుంది. మామూలు సబ్బుకు చావదు. ఒక వంతు బ్లీచ్‌కు ముప్పై వంతుల నీళ్ళు కలిపి గచ్చు కడిగి, పది నిమిషాలు తడిగా ఉంచాలి.

పెద్ద కుక్కకైతే కావాల్సింది ఓపిక. మూడు రోజులు బిక్కచూపులు, మూడు వారాలకు ఇంటి పద్ధతి, మూడు నెలలకు ఇది నా ఇల్లన్న ధీమా అని కుక్కలను దత్తతిచ్చేవాళ్ళు చెబుతారు. కొన్ని ఇంకా ఎక్కువే తీసుకుంటాయి. చుక్క మొదటి మూడు రోజులూ బల్ల కిందే ఉంది. మేం పిలవలేదు. స్నానం చేయించలేదు, చుట్టాలను రానివ్వలేదు. గిన్నె దగ్గరగా పెట్టి పక్కకు వెళ్ళిపోయేవాళ్ళం. షెల్టర్‌లో అది పడుకున్న పాత దుప్పటి ముక్క ఉతక్కుండా తెచ్చి పరిచాం, ఆ వాసన దానికి తెలిసినది. బయటికి తీసుకెళ్ళేటప్పుడు మెడపట్టీకి ఒక తాడు, ఛాతీ పట్టీకి ఇంకో తాడు. కొత్త కుక్కలు తప్పిపోయేది ఎక్కువగా తొలి వారాల్లోనే, తలుపు తీసిన క్షణంలోనో, బెదిరి వెనక్కి జారి మెడపట్టీలోంచి తల తీసుకున్నప్పుడో.

పంతొమ్మిదో రోజు దాకా చుక్క ఒక్కసారి కూడా మొరగలేదు. గొంతు లేదేమోనని అత్తయ్య బెంగపడ్డారు. ఆ సాయంత్రం తలుపు చప్పుడైతే లేచి నిలబడి రెండుసార్లు మొరిగి, తిరిగి అత్తయ్య ముఖంలోకి చూసింది. ఆవిడ "మనవాడేలే, పడుకో" అన్నారు. బల్ల కిందికి వెళ్ళలేదు. వచ్చి ఆవిడ పాదాల మీద గడ్డం ఆనించి పడుకుంది.